మూడుసార్లు ఫెయిల్ చేసినవాడు

క్యాంపర్‌వ్యాన్ సరస్సు దారిలో సాఫీగా పోతోంది. నడుపుతున్నది అమ్మాయి. పక్క సీట్లో నాన్న, వెనక మడతబల్ల దగ్గర అమ్మ, నానమ్మ. పేరుకిది కుటుంబ విహారం. అసలు సంగతేమిటంటే, సరస్సు ఒడ్డున సంబంధం వాళ్ళు కూడా గుడారం వేసుకుని ఎదురుచూస్తున్నారు. అక్కడి అబ్బాయికి సరే అనేద్దామని అమ్మాయి నిశ్చయించుకుంది, ఇంకొకరి మీద కోపంతో.

ఆ ఇంకొకరు డ్రైవింగ్ టెస్టు ఇన్‌స్పెక్టరు. ఇదే వ్యాన్‌లో ఆమెను మూడుసార్లు ఫెయిల్ చేశాడు. మొదటిసారి అద్దం చూడలేదని. రెండోసారి అద్దంలో రోడ్డు బదులు తన ముఖం చూసుకుందని. మూడోసారి గేరు మారుస్తూ ఆ రెండోసారి గురించి పోట్లాట పెట్టుకుందని. నవ్వాపుకుంటూనే కాగితం మీద ఎర్రగా కొట్టేశాడు మహానుభావుడు. ఆమె పాసయ్యేదాకా మనసులో మాట చెప్పకూడదట, ఉద్యోగధర్మమట.

నాలుగోసారి పాసైంది. ఆ ఆదివారమే ఇంటికొచ్చి పెద్దవాళ్ళతో పెళ్ళి సంగతి మాట్లాడతానన్నాడు. రాలేదు. నాలుగు నెలలైంది. ఫోన్ చేసి అడగడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది.

నానమ్మ నారింజ ఒలుస్తూ ఉన్నట్టుండి నాన్నను అడిగింది. "ఆ ఆదివారం వచ్చిన కుర్రాడు మళ్ళీ రాలేదేంరా? మంచినీళ్ళైనా ఇవ్వకుండా గుమ్మంలోంచే పంపేశావు, పాపం."

నాన్నకు పొలమారింది. అమ్మ కిటికీలోంచి చెట్లు చూడటంలో మునిగిపోయింది.

అమ్మాయి వేగం తగ్గించి ఒక్కో ప్రశ్నే అడిగింది. నిజం ముక్కలుముక్కలుగా బయటపడింది. టీలోకి బిస్కెట్లు తేవడానికి ఆమె వీధిచివరి దుకాణానికి వెళ్ళిన పావుగంటలోనే అతను వచ్చాడు. మా అమ్మాయికి ఇష్టం లేదని చెప్పి నాన్న పంపేశాడు. కన్నకూతుర్ని మూడుసార్లు ఫెయిల్ చేసినవాడికి పిల్లనెలా ఇస్తానన్నది ఆయన వాదన.

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా పద్ధతిగా అద్దాలు రెండూ చూసుకుని, ఇండికేటరు వేసి, బండిని ఎడమవైపు తిప్పేసింది.

"సరస్సు కుడివైపు కదే," అన్నాడు నాన్న.

"తెలుసు నాన్నా."

గంట తర్వాత వ్యాన్ టెస్టు మైదానంలో ఆగింది. చినుకులు పడుతున్నాయి. టెస్టుకొచ్చినవాళ్ళు షెడ్డు కింద వరసగా నిలబడి ఉన్నారు. చేతిలో రాత అట్టతో అతను వాళ్ళ ముందున్నాడు. వ్యాన్‌ను చూడగానే అతని పెన్ను ఆగిపోయింది.

ఆమె నేరుగా అతని ఎదుటికి వెళ్ళింది. "నాకిష్టం లేదని ఎవరో చెబితే నమ్మేసి వెళ్ళిపోవడమేనా? నేను చెప్పానా?"

"లేదు. మిమ్మల్ని అడిగే ధైర్యం చాలలేదు."

"అయితే నేనే అడుగుతున్నాను. నన్ను చేసుకుంటారా?"

అతను అట్టను చంకలో పెట్టుకున్నాడు. "చేసుకుంటాను," అన్నాడు, షెడ్డు కిందివాళ్ళందరికీ వినబడేలా.

ఈలోగా నాన్న గొడుగేసుకుని వచ్చి, ఫెయిల్ చేసిన మూడుసార్లనీ తేదీలతో సహా ఏకరువు పెట్టాడు. అతను క్షమాపణ అడుగుతాడని ఆయన ఆశ. అతను అడగలేదు.

"మీరందరూ కూర్చుని తిరిగే బండండీ అది. అందుకే ఫెయిల్ చేశాను. మళ్ళీ అయినా అంతే చేస్తాను."

నాన్న గొడుగును మరో చేతికి మార్చుకుని, సరస్సు దగ్గరివాళ్ళకు మాటిచ్చానని, పరువేం కావాలని గొణిగాడు.

"ఆ మాటిచ్చింది నువ్వు నాన్నా, నేను కాదు. నువ్వే ఫోన్ చేసి చెప్పు," అంది అమ్మాయి. "నువ్వు ఒప్పుకోకపోయినా ఈయన్నే చేసుకుంటాను. కానీ ఒప్పుకుంటే సంతోషంగా చేసుకుంటాను."

నాన్న జేబులోంచి ఫోన్ తీశాడు. క్షమించమని, రాలేకపోతున్నామని చెప్పాడు. అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. ఆయన ఇన్‌స్పెక్టరును ఓసారి ఎగాదిగా చూసి గొంతు సవరించుకున్నాడు.

"దారిలో ఆగాల్సి వచ్చిందండీ. మా అల్లుడి దగ్గర."

అమ్మాయి వెళ్ళి గొడుగు కింద నాన్న భుజం మీద తల ఆనించింది. ఆయన గొడుగును కాస్త పక్కకు జరిపి, తడుస్తున్న ఇన్‌స్పెక్టరును కూడా రమ్మని కళ్ళతోనే పిలిచాడు.