తాని చెట్టు అల్లుడు

"ఇస్సాకూ! ఓయ్ ఇస్సాకూ! అల్లుడుగారు వచ్చారా?"

వాకీటాకీలో డాక్టర్ మేఘమాల గొంతు వినగానే, తాని చెట్టు కొమ్మ మీదున్న ఇస్సాకు గుండె జల్లుమంది.

"వచ్చారు మేడమ్," అన్నాడు. అని, కుడిచేతికి రబ్బరు ముక్కు తొడుక్కున్నాడు.

మారేడుమిల్లి అడవిలో హార్న్‌బిల్ అని ఒక పిట్ట ఉంది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టుంటుంది. గుడ్లు పెట్టే వేళ ఆడపిట్ట చెట్టు తొర్రలో దూరి, మట్టితో వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక లోకమంతా ఆ సందులోంచే రావాలి. మగపిట్ట పళ్ళు తెచ్చి అందిస్తేనే బతుకు.

ఈ చెట్టు మగపిట్ట కరెంటు తీగకి తగిలి పోయింది. అందుకే ఈ పిట్టల మీద పరిశోధన చేసే మేఘమాల ఒక యంత్రపు మగపిట్టను తయారుచేసింది. పండిన జువ్విపళ్ళను రంగునిబట్టి గుర్తుపట్టి, గొంతులో దాచుకుని ఎగిరొచ్చే రోబో అది. "తినిపోయే అల్లుళ్ళనే చూశాం గానీ, తెచ్చిపెట్టే అల్లుడు వీడేనమ్మా!" అంది వంటామె నూకాలమ్మ. ఆ పేరే ఖాయమైంది.

మొన్నటి గాలివానలో అల్లుడి రెక్కల మోటార్లు కాలిపోయాయి. బ్యాటరీలు మార్చడానికి చెట్టెక్కిన ఆమె సహాయకుడు ఇస్సాకు అది చూశాడు. రేపటికి బాగుచేసేద్దాం, ఈ పూటకి పిట్ట ఆకలి తీరితే చాలనుకుని, జువ్విపళ్ళు కోసుకొచ్చి, అల్లుడి ముక్కు ఊడదీసి చేతికి తొడుక్కున్నాడు. నోటితోనే 'హుష్ హుష్' మని రెక్కల చప్పుడు చేశాడు. లోపల్నించి మెత్తగా ఒక ముక్కు వచ్చి పండందుకుంది. తొర్రలో కెమెరాకి బయటినుంచి కనిపించేది ఆ రబ్బరు ముక్కొక్కటే. అది చూసి మేఘమాల నవ్విన నవ్వు వాకీటాకీలో వినపడింది. జువ్వి కొమ్మల్లో తేనెపట్టు కదిలినట్టుంది. ఆ నవ్వు విన్నాక మోటార్లూ బాగుపడలేదు, నిజమూ బయటికి రాలేదు.

ఈరోజు దిగి గుడారంలోకి వచ్చేసరికి ఆమె తెర ముందు కూర్చుని ఉంది, కళ్ళు చెమ్మగా.

"చూడు ఇస్సాకూ. పండు ఇచ్చే ముందు ఒకసారి తిప్పుతున్నాడు. ఆమె అందుకునేదాకా ఆగుతున్నాడు. ఇది నేను రాసిన ప్రోగ్రాంలో లేదు. తనంతట తానే నేర్చుకున్నాడు! మనుషుల్లో ఎక్కడుందయ్యా ఈ ఓపిక?"

"మొగాళ్ళలోనా? మా ఆయన అన్నం కలిపిపెట్టిన పాపాన పోలేదు," అంది నూకాలమ్మ టీ అందిస్తూ.

"అందుకే నిశ్చయించుకున్నాను. అవతలి కొండ మీద మూడు గూళ్ళకి మన కుర్రాళ్ళు నిచ్చెనలేసుకుని పళ్ళు పెడుతున్నారుగా? రేపు వాళ్ళని వెనక్కి పిలిచేస్తాను. మూడు చోట్లా అల్లుళ్ళే, తయారుగా ఉన్నారు."

ఇస్సాకు టీ గ్లాసు కింద పెట్టేశాడు. రేపూ వానే అంటున్నారు, ఆ అల్లుళ్ళ మోటార్లూ కాలిపోతాయి. వాకిలి మూసుకున్న మూడు పిట్టలు సందులోంచి ముక్కులు చాపి ఎదురుచూడటం అతనికి కళ్ళకు కట్టింది. చెబితే ఆ నవ్వు పోతుంది. చెప్పకపోతే...

"కుర్రాళ్ళని పిలవకండి మేడమ్."

"ఏం?"

"అల్లుడు గాలివాననాడే పోయాడండీ. పండు తిప్పుతున్నదీ, ఆగుతున్నదీ నేనే. పిట్ట కోసమే మొదలెట్టానండీ. తర్వాత్తర్వాత, మీరు నవ్వుతారని తినిపించాను."