ఆరు ఎర్ర గూటాలు

"వికెట్లేవే?" అన్నాడు మా జట్టు కుర్రాడు గురువులు.

శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నం రెండయింది. రైల్వే క్వార్టర్స్ పిల్లలు పదకొండు మందీ వచ్చేసి తుంగగెడ్డ పక్క మైదానంలో నిలబడ్డారు. గెడ్డంటే మా వైపు వాగు. మా కాలనీ జట్టూ సిద్ధంగా ఉంది. బ్యాటుంది, రబ్బరు బంతుంది. వికెట్లు మాత్రం లేవు. మా వికెట్లంటే మూడు ఇటుకలు. వాటిని పొద్దున్నే ఎవరో పొయ్యి పెట్టుకోడానికి పట్టుకుపోయారు.

చూసుకోవలసింది నేనే. కెప్టెన్‌ని కదా! పేరు జయమణి, వయసు పదేళ్లు, అయిదో తరగతి. ఆడపిల్ల కెప్టెనేంటని మా వాళ్లు నెల్లాళ్లు గొణిగి గొణిగి ఒప్పుకున్నారు. అది 1983. ఆ జూన్‌లోనే మన దేశం వరల్డ్ కప్పు గెలిచింది. మా పెందుర్తిలో బ్యాటు పట్టని పిల్లంటూ లేదు. అలాంటి టైములో వికెట్లు లేక మ్యాచ్ ఆగిపోతే నా పరువేం కావాలి?

అటూ ఇటూ చూశాను. గెడ్డ వెంబడి, ఒడ్డుకి కాస్త ఎగువన, వరసగా కర్ర గూటాలు కనిపించాయి. రెండు మూరల పొడవు. తలకి ఎర్ర రంగు. లెక్కపెట్టాను. సరిగ్గా ఆరు. పిచ్‌కి ఈ చివర మూడు, ఆ చివర మూడు!

"దేవుడే పంపించాడ్రా!" అన్నాను.

దేవుడు కాదు, సర్వేయరు గారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని బుకాయిస్తే ఇప్పుడు ఈ కథ చెప్పడం ఎందుకు? ముందురోజే ఆయన గొలుసుతో కొలిపించి వాటిని పాతించారు. గొలుసు పట్టిందీ, గూటాలు కొట్టిందీ మా ఎల్లారావు బాబాయి. "వీటి జోలికెల్లకండర్రా, గెడ్డకి హద్దులివి," అని మాకు చెప్పాడు కూడా.

"సాయంత్రం మళ్లీ పాతేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

వాన పడి నేల మెత్తగా ఉంది. ఊపి లాగితే ఒక్కొక్కటీ వచ్చేసింది. ఆరూ నేనే పీకాను. చివరిదాని దగ్గర వెల్లకిలా పడ్డాను కూడా.

మ్యాచ్ గెలిచాం. మూడు పరుగుల తేడా. ఆ గెలుపు సంబరంలో అరుచుకుంటూ ఇళ్లకి పరిగెత్తాం. గూటాలు మా పెరట్లో నీళ్ల డ్రమ్ము వెనక పడేశాను. మళ్లీ పాతడం గుర్తే లేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే గెడ్డ దగ్గర జనం. ఒక లారీ నిలబడి ఉంది. గూటాలు ఉండే వరసని కప్పేసి అవతల దాకా, నల్లటి గెడ్డ నేల మీద, ఎర్రమట్టి పెద్ద కుప్పగా పోసి ఉంది.

అక్కడ కొత్తగా ఇళ్ల స్థలాలు వేస్తున్నారు. పల్లంగా ఉన్న చోటల్లా మట్టి పోసి మెరక చేస్తున్నారు. కానీ గెడ్డ ఒడ్డు నుంచి ఇరవై గజాల దాకా ఎవరూ మట్టి పోయకూడదని, ఇల్లు కట్టకూడదని పంచాయితీ తీర్మానం చేసింది. అందుకే గూటాలు.

ఆ తీర్మానం ఊరికే రాలేదు. పోయినేడు అక్టోబరు వానలకి గెడ్డ పొంగింది. మెరక చేసిన చోట నీళ్లు నిలవడానికి జాగా లేక మా కాలనీ మీదికొచ్చాయి. నాన్న షిప్‌యార్డ్‌లో డ్యూటీలో ఉన్నాడు. అమ్మ ఒక్కతే. నడుము లోతు నీళ్లలో ఎల్లారావు బాబాయి వచ్చి, మా తమ్ముడు శుభాకర్‌ని భుజాల మీద ఎక్కించుకుని, నన్ను చంకలో ఇరికించుకుని స్కూలు మేడ మీదికి చేర్చాడు. మళ్లీ వెళ్లి అమ్మని తీసుకొచ్చాడు. అప్పటిదాకా ఆయనెవరో కూడా మాకు తెలియదు.

ఇప్పుడు ఆ బాబాయే తల వంచుకుని నిలబడ్డాడు. ఎదురుగా సర్వేయరు శ్రీరామ్మూర్తి గారు. ఎవరో కబురు చెబితే సెలవు పూట సైకిలు మీద వచ్చినట్టున్నారు.

"గట్టిగా కొట్టమన్నానా లేదా ఎల్లారావూ? ఆరింటిలో ఒక్కటీ లేదు!"

"గట్టిగానే కొట్టినాను సార్."

"మరి ఏమయ్యాయి? ఎగిరిపోయాయా?"

లారీల మేస్త్రీ గంగరాజు బాబాయి వైపు చేతులు తిప్పాడు. "గూటాలు దాటి పొయ్యొద్దన్నారు, సరే. గూటాలేవి బావా? గుర్తు లేందే నానేటి సేసేది?"

"నా పుస్తకంలో గూటానికీ గూటానికీ మధ్య దూరమే ఉంది. అన్నీ మళ్లీ కొలవాలంటే ఆఫీసు నుంచి పాత నక్షా రావాలి. పదిహేను రోజులు పడుతుంది," అన్నారు శ్రీరామ్మూర్తి గారు. "ఈలోగా సగం గెడ్డ పూడిపోతుంది. రేపు పదింటికి వస్తాను. అప్పటికి గుర్తులు దొరక్కపోతే, నీ నిర్లక్ష్యమేనని రాసివ్వక తప్పదు."

"అయితే రేపు పదింటి దాకా లారీలు ఆపుతాను. ఆపైన నా వల్ల కాదు," అన్నాడు గంగరాజు.

బాబాయిది టెంపరరీ ఉద్యోగం. రాసిస్తే పోయినట్టే. ఆ మాట నాన్న దారిలో అమ్మతో మెల్లగా అంటుంటే విన్నాను.

గురువులు నా పక్కకొచ్చి చెవిలో, "సెప్పకే! సెప్పేవంటే మన జట్టు పనైపోద్ది," అన్నాడు. నేను తల ఊపాను. చెప్పడానికి నాకేమైనా సరదానా!

ఆ మధ్యాహ్నం అమ్మ కోడికూర వండింది. నాకు ముద్ద దిగలేదు. "జ్వరమా?" అని అమ్మ నుదురు పట్టుకు చూసింది. చల్లగా ఉంది. "వేషాలు," అని వెళ్లిపోయింది.

సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. చాప మీద అందరం కూర్చుంటాం. దేవుడు చేసిన మేళ్లన్నిటికీ పేరుపేరునా వందనాలు చెప్పాలి. రోజుకొకరి వంతు. వరద వచ్చిన దగ్గర్నుంచి, ఎవరి వంతయినా సరే, చివర ఒక మాట తప్పదు. "మమ్మల్ని కాపాడిన ఎల్లారావు బాబాయి కోసం నీకు వందనాలు ప్రభువా, అతణ్ణి దీవించు." అందరూ ఆమేన్ అంటారు.

ఆదివారం నా వంతు.

అన్నానికి వందనాలు చెప్పాను. బట్టలకి చెప్పాను. నాన్న ఉద్యోగానికి, శుభాకర్ మోకాలి దెబ్బ మానినందుకు చెప్పాను. అమ్మమ్మ ఆవుకి కూడా చెప్పాను. ఆ తర్వాత ఆమేన్ అనబోయాను.

"బాబాయిని మర్చిపోయావక్కా," అన్నాడు శుభాకర్ ఒక కన్ను తెరిచి.

"ఎల్లారావు బాబాయి కోసం..." అన్నాను. అంతే. బావురుమన్నాను.

వెక్కుతూనే అంతా చెప్పేశాను. గూటాలు, వికెట్లు, మూడు పరుగులు, డ్రమ్ము వెనక దాచింది. కొడతాడని భయపడ్డాను గానీ నాన్న కొట్టలేదు. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఇంకా వెలుతురుంది. గూటాలు పట్టుకో. పద."

"ఎక్కడికి నాన్నా?"

"వందనాలు చెప్పాల్సిన మనిషి దగ్గరికి."

ఎల్లారావు బాబాయి వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య కాసులమ్మ పిన్ని పక్కన బియ్యం ఏరుతోంది. నేను ఆరు గూటాలూ ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

"నేనే పీకాను బాబాయ్. వికెట్లకి."

ఆయన గూటాల వంక చూశాడు. నా వంక చూశాడు. తిడితే బాగుండునని నాకనిపించింది.

"ఆరూ నువ్వే పీకినావా?"

"ఆరూ నేనే."

"ఓసినీ! పోయినేడు చంకలో ఎట్టుకుని మోసినాను, పిట్టంత ఉన్నావు. ఇంత బలమెక్కడిదే నీకు!" అని పకపకా నవ్వాడు.

కాసులమ్మ పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. "ఆ పిల్లకేటి, ఆడుకుంది. పొద్దున్నించీ ఈ మనిషి గుక్కెడు గంజి తాగనేదు," అంది. ఆ మాట నాకు దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఆవిడ కోపం న్యాయమైనదే.

"క్షమించు పిన్నీ," అన్నాను.

"ఊరుకో ఏడవకు," అన్నాడు బాబాయి. "గూటం పీకితే కన్నం ఉంటాది కదా? తడి నేల, కన్నం అలాగే ఉండి ఉంటాది. ఎక్కడెక్కడ పీకినావో సెప్పగలవా?"

"చెప్పగలను! ఒకటి తాటిచెట్టు దగ్గర. ఒకటి మొగలి పొద పక్కన. చివరిదాని దగ్గర పడ్డాను."

"అయితే పొద్దున్న ఆరింటికి రా తల్లీ."

ఆ రాత్రి వాన పడకూడదని ఎంత మొక్కానో! కన్నాలు పూడిపోతే అంతా పోయినట్టే కదా. దేవుడు నా మాట విన్నాడు.

తెల్లారేసరికి గురువులు ఇంటి ముందున్నాను. "రానంటే రాకు. నేను చెప్పేశాను," అన్నాను. వాడు కాసేపు గోడ గోకాడు. తర్వాత, ఆ పూటకి బడి మానేద్దామని, మిగతా వాళ్లందరినీ వాడే లేపుకొచ్చాడు. జట్టంటే అదీ.

తాటిచెట్టు దగ్గర కన్నం వెంటనే దొరికింది. మొగలి పొద దగ్గరిదీ దొరికింది. గడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ మరో రెండు వెతికి పట్టాం. ఏడయింది. మిగిలిన రెండూ ఎర్రమట్టి కుప్ప కిందున్నాయి.

మేము చేతుల్తో తోడుతుంటే గంగరాజు మేస్త్రీ చూసి, "ఏటర్రా, ఎలకల్లా!" అన్నాడు. సంగతి చెప్పాం. లారీలోంచి రెండు పారలు, మట్టి మోసే గమేళాలు మూడు తెచ్చి ఇచ్చాడు. ఆయన కూడా పంచె ఎగ్గట్టి దిగాడు.

తొమ్మిదింటికి నల్ల నేల బయటపడింది. కానీ కన్నం ఏదీ? నేల చదునుగా ఉంది.

"కన్నం పూడిపోయింది బాబాయ్."

"పూడితే దేంతో పూడుతాది?" అన్నాడు ఆయన. చీపురుతో నేలంతా మెల్లగా ఊడ్చాడు.

నల్లటి నేల మీద రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దగా, గుండ్రంగా, ఎర్రటి మచ్చ! కన్నంలో ఎర్రమట్టి దిగి అచ్చు పోసినట్టుంది. శుభాకర్ కేక పెట్టాడు. రెండోది వాడే చూశాడు.

ఆరో గూటం నిలబెట్టేసరికి శ్రీరామ్మూర్తి గారి సైకిలు గంట వినిపించింది. ఆయన పుస్తకం తీసి, గూటానికీ గూటానికీ మధ్య గొలుసు పట్టించి చూశారు. అన్నీ పుస్తకంలో రాసినట్టే ఉన్నాయి.

"భేష్! ఇంతకీ ఎవరు పీకారయ్యా?"

బాబాయి నా వైపు చూడనైనా చూడలేదు. "పశువులు సార్. రాసుకుని పడగొట్టేసినాయి."

నేను ఊరుకుంటే సరిపోయేది. అంతా ఊరుకున్నారు. కానీ పశువులు పడగొట్టాయంటే, గట్టిగా కొట్టలేదన్న మాట బాబాయి మీద అలాగే ఉండిపోతుంది కదా.

"పశువులు కాదు సార్. నేనే. బాబాయి గట్టిగానే కొట్టాడు. ఊపి ఊపి లాగితే గానీ రాలేదు," అన్నాను.

శ్రీరామ్మూర్తి గారు కళ్లజోడు తీశారు. "ఎందుకు?"

"వికెట్లకి సార్."

"గెలిచారా?"

"మూడు పరుగులతో సార్."

"మూడు పరుగులకి ఎంత పని పెట్టావమ్మా!" అన్నారు. గొలుసు చివర నా చేతికిచ్చారు. "ఎల్లారావు మీద నేనేమీ రాయను. కానీ అవతలి ఒడ్డు కొలవాలి. గట్టిగా పట్టుకో. నేను చెప్పేదాకా వదలకూడదు."

ఎండలో గంటసేపు పట్టుకున్నాను. వేళ్లు ఎర్రబడ్డాయి. వదల్లేదు.

నన్ను పశువని చెప్పింది మా ఎల్లారావు బాబాయి ఒక్కడే. అదీ నన్ను కాపాడడానికి!

ఆ తర్వాత మా జట్టుకి వికెట్లు మళ్లీ ఇటుకలే. శనివారం మ్యాచ్ మొదలుపెట్టే ముందు కెప్టెన్‌ది ఇంకో పని. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఆరు గూటాలూ చేత్తో ఊపి చూడాలి. వదులైన దాన్ని రాయితో కొట్టాలి. రైల్వే క్వార్టర్స్ వాళ్లు నవ్వేవారు. నవ్వనీ. ఆ పని అయ్యాకే టాస్.

అక్టోబరు వచ్చింది. మూడు రోజులు ఎడతెగని వాన. నాన్న మళ్లీ డ్యూటీలోనే ఉన్నాడు. అమ్మ బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి, మా ఇద్దరి బట్టలూ మూట కట్టి గుమ్మం దగ్గర కూర్చుంది. నేనూ శుభాకర్ ఒకే గొడుగులో గెడ్డ దాకా వెళ్లాం. గొడుగేసుకుని బాబాయి అప్పటికే అక్కడున్నాడు.

గెడ్డ పొంగింది. ఒడ్డు దాటింది. ఒడ్డుకీ గూటాలకీ మధ్య, మట్టి తీసేసి ఖాళీగా ఉంచిన జాగా అంతా పరుచుకుని, గూటాల మొదళ్లు తడిపింది. అక్కడే ఆగింది. నీళ్ల అంచున ఆరు ఎర్ర తలలు వరసగా కనిపిస్తున్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"ఎల్లి అమ్మకి సెప్పు, మూట ఇప్పేయమను," అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రం మా చాప పొడిగా ఉంది. గడప పొడిగా ఉంది. ప్రార్థన వంతు శుభాకర్‌ది. వాడు గబగబా అన్నానికీ బట్టలకీ చెప్పేసి, "ఎల్లారావు బాబాయి కోసం..." అన్నాడు.

వాడి మాట పూర్తి కాకముందే నేను ఆమేన్ అన్నాను. గట్టిగా.