రెండు ఎర్ర గీతలు

అదిగో... ఎర్ర లైటు!

అమీర్‌పేట మెట్రో పిల్లర్ల పక్కన, ఆటోల మధ్య నుంచి మళ్లీ కనిపించింది.

రెండు సన్నని గీతలు. నడుమ చీకటి. బైకు వెనక మడ్‌గార్డ్ సగానికి కోసేసి ఉంది.

తారక్ యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పుతాడు. స్కూటర్ మూలుగుతుంది తప్ప వేగం పెరగదు.

"జరుగన్నా! జర జరుగు!"

ఆటోవాలా తల బయటపెడతాడు. "ఏడికి జరగాలె? పిల్లరెక్కాల్నా?"

కోచింగ్ సెంటర్లు వదిలే వేళ. రోడ్డుకు అడ్డంగా బ్యాగులు, మిర్చిబండ్లు, మనుషులు.

ఆ లైటు వెళ్లిపోతోంది...

మూడు వారాల కిందట, గురువారం రాత్రి, ఎర్రమంజిల్‌లో రోడ్డు దాటుతున్న అక్క మంజూషను ఎవడో గుద్దాడు. ఆగలేదు. ఆస్పత్రికి చేర్చేసరికి అక్క లేదు. సీసీ కెమెరాలో నంబరు లేదు. ముఖం లేదు. చీకట్లో దూరమవుతున్న రెండు ఎర్ర గీతలు మాత్రం ఉన్నాయి.

స్టేషన్‌కు వెళ్లిన ప్రతిసారీ ఒకటే మాట. "చూస్తున్నం."

ఇలాంటి లైటు వెంట పడటం ఇది మూడోసారి. రెండుసార్లూ ట్రాఫిక్‌లో తప్పిపోయింది.

ఈసారి వదలడు!

వెనక గట్టిగా హారన్. విక్రమ్, నీలం చొక్కాలో, తన క్రూజర్ బైకు మీద. హాస్టల్లో రూమ్మేట్. అక్క పాడెకు భుజం పట్టినవాడు.

"పడతవ్ రా తారక్! ఆపు!"

ఆపడు.

పంజాగుట్ట సిగ్నల్. ఎర్ర గీతలు ఆగాయి!

తారక్ స్కూటర్‌ను అడ్డంగా పెట్టి దూకుతాడు. "దిగు! దిగురా!"

హెల్మెట్ పైకి లేస్తుంది. జడ జారుతుంది.

అమ్మాయి!

"రా అంటవా? ఎవలనుకుంటున్నవ్?"

"ఈ లైటు... ఎప్పుడు వేయించినవ్?"

"పోయిన ఆదివారం. ఏం, నువ్వు ఆర్టీవో ఆఫీసరా?"

పోయిన ఆదివారం.

కాదు. మళ్లీ కాదు!

తారక్ స్కూటర్ సీటును పిడికిలితో గుద్దుతాడు. చెయ్యి నొప్పి పుడుతుంది. అంతకు మించి ఏమీ జరగదు.

"మా అక్కను గుద్ది పోయిండొకడు," అంటాడు. "గిదే లైటు."

అమ్మాయి ముఖంలో కోపం తగ్గుతుంది. "నా పేరు జోయా. గీ లైటు ఇప్పుడు మస్తు మందికి ఉంది. అన్నీ అజీమ్ భాయ్ చేసినయే. ఆగు, ఫోన్ చేస్త."

విక్రమ్ పక్కకు వస్తాడు. "వదిలెయ్ రా. ఎంతమందిని అడుగుతవ్? పొద్దటి సంది తిన్నవా? నడువ్, పోదాం."

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు. విక్రమ్ బండిని జామ్‌లో మెల్లగా ముందుకు పోనిస్తాడు. తారక్, జోయా తమ బండ్లను పక్కకు తోస్తారు.

ఫోన్ స్పీకర్‌లో మెకానిక్ గొంతు. జోయా సంగతి చెప్పగానే తారక్ ముందుకు వంగుతాడు.

"అజీమ్ భాయ్, మూడు వారాల కింద గురువారం... ఆ రోజుకు గీ లైటు ఎంతమందికి వేసినవ్?"

"గురువారమా? అరే, ఫస్ట్ పీస్ ఆ రోజే వేసిన! పొద్దూకినంక బండి ఇచ్చిన. అప్పటికి ఇంకెవలకీ లేదు."

ఒక్కడే!

"ఎవడు భాయ్? పేరేంది?"

"కొత్త గిరాకీ, పేరు అడగలే. ఇగ దొరకడు భాయ్. మర్నాడే పీకేసిండు."

"పీకేసిండా?"

"పాత మడ్‌గార్డ్ ఎవలూ పారెయ్యరు కదా. పోలీసోళ్లు ఆపుతరని మళ్ల కంపెనీదే బిగిస్తరు. శుక్రవారం నేను జుమ్మా నమాజ్‌కు పోయిన. వాడు ఆగలే. దుకాణం ముందట కూసోని తానే బిగించుకున్నడు. ఎర్త్ వైరు ఇడిసిపెట్టిండు, గధా! బ్రేక్ కొడితే లైటు ఇంకా వెలగాలె. వానిది ఆరిపోతుంది! నేనొచ్చి చూసి అరిచిన. ఇనకుండ పోయిండు."

తారక్ తలెత్తుతాడు.

రోడ్డు నిండా ఎర్ర లైట్లు. ఎన్నని చూడాలి? ఎక్కడని వెతకాలి?

ముందు ఒక సిటీ బస్సు ఉన్నట్టుండి ఆగుతుంది. వరసగా బ్రేకులు! లైట్లన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి...

ఒక్కటి తప్ప.

అది ఆరిపోయింది.

కంపెనీ మడ్‌గార్డ్. కంపెనీ లైటు. సీటు మీద నీలం చొక్కా.

విక్రమ్!

తారక్ నడుస్తాడు. బండ్ల నడుమ నుంచి అతని పక్కకు చేరతాడు.

విక్రమ్ తల తిప్పుతాడు. "ఏమన్నడు మెకానిక్? దొరికిండా?"

"బ్రేక్ వదులు."

"ఏంది?"

"వదులు."

లివర్ మీంచి వేళ్లు లేస్తాయి. వెనక ఎర్రగా వెలుగుతుంది.

"మళ్ల పట్టు."

వెనక ఆగిన తెల్ల కారు బానెట్ మీద ఎరుపు ఆరిపోతుంది. విక్రమ్ అది అద్దంలో చూస్తాడు.

అద్దం మీంచి చూపు తారక్ వైపు తిప్పుతాడు.

"గుద్దినప్పుడు... అక్క అని తెల్వదురా!"

"తెలిస్తే ఆగేటోనివా?"

విక్రమ్ బ్రేక్ వదిలేస్తాడు.

యాక్సిలరేటర్ తిప్పుతాడు!

ఇంజన్ గర్జిస్తుంది. ముందు బస్సు. అటు కారు. ఇటు డివైడర్.

ఏదీ కదలదు.