కుట్టేసిన చొక్కా చెయ్యి

మా కుట్టు షాపులో ఒంటిగంటకి మిషన్లన్నీ ఆగుతాయి. మాస్టరుతో సహా అందరూ మేడమీదికి తినడానికి పోతారు. నేను పోను. కడుపులో బాగాలేదని రెండేళ్లుగా ఒకటే అబద్ధం. అన్నం మానేసే మనిషికి ఇంత ఒళ్ళెక్కడిదని నవ్వుతారు. నవ్వనీ.

నాకు ఫిట్స్. మాత్రలు హుక్కుల డబ్బాలో దాచుకుని, ఎవరూ లేని ఆ వేళే మింగుతాను. వచ్చినప్పుడల్లా కొలతల పుస్తకం చివరి పేజీలో రాసుకుంటాను. ‘చెయ్యి నాలుగు’ అంటే నాలుగు నిమిషాలు. చూసినవాళ్ళు ఎవరిదో కొలత అనుకోవాలి. వచ్చేముందు ముక్కుకి కాలిన రబ్బరు వాసన తగులుతుంది. అప్పుడు ట్రయల్ రూములో దూరి, గడియ పెట్టి, నేలమీద పడుకుంటాను.

ఈ సంగతి కనిపెట్టింది కాజాల అక్క ఒక్కతే. షాపులో గుండీల కాజాలన్నీ తనే కుట్టేది, అందుకే ఆ పేరు. తనకీ ఇదే జబ్బు.

"గడియ పెట్టుకోకే. ఫిట్సొస్తే పక్కకి తిప్పడానికి నేనున్నాగా," అంది ఒకసారి గుసగుసగా.

"నాకేం లేదక్కా," అన్నాను.

పోయినేడు ఇదే వేళకి అక్క ఆ గదిలో పడిపోయింది. చెక్క నేల మీద మడమలు కొట్టుకుంటున్నాయి. తను తలుపుకి గడియ కూడా పెట్టుకోలేదు, తోస్తే చాలు. కానీ పక్కకి తిప్పాలని నీకెలా తెలుసని ఎవరైనా అడిగితే? మిషను గట్టిగా తొక్కాను. ఆ మడమల చప్పుడు ఆగేదాకా తొక్కాను. చూసుకుంటే చొక్కా చెయ్యి మూతి మూసేసి కుట్టాను. ఎవరికీ కనబడకుండా చెత్తలో పడేశాను. అక్క బోర్లా పడి ఊపిరాడక చచ్చిపోయిందన్నారు. అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

నిన్న మళ్ళీ ఆ వాసన... గడియ పెట్టాను. పడుకున్నాను. బయట ఖాళీ హాల్లో మిషను మొదలైంది. నాదే. దాని కిర్రు నాకు తెలుసు. అరుద్దామంటే నోరు పెగల్లేదు... చప్పుడు పెరిగింది... అంతే.

మెలకువ వచ్చేసరికి పక్కకి తిరిగి ఉన్నాను. తల కింద మడిచిన గుడ్డ. ఎవరో మూతి తుడిచారు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కనే తెరిచి ఉన్న కొలతల పుస్తకంలో కొత్తగా ‘చెయ్యి ఆరు’. అక్క దస్తూరి.

బయట మిషను ఇంకా నడుస్తోంది.

గడియ తీయగానే ఆగింది. పెడల్ ఊగుతోంది. సూది కింద మూతి కుట్టేసిన చొక్కా చెయ్యి. చివర వెనక్కి వేసిన కుట్లు మూడు. అలా ముగించేది ఈ షాపులో నేనొక్కదాన్నే. అక్క లోపల నా దగ్గరుంటే, మరి ఇక్కడ కూర్చున్నదెవరు?

అందరూ మెట్లు దిగి వచ్చారు. మాస్టరు ఆ చెయ్యి తీసి చూశాడు.

"ఎవరమ్మా కుట్టింది?"

చెప్పేద్దామనుకున్నాను. అక్క సంగతి, నా సంగతి, అంతా.

"తెలీదు మాస్టారూ," అన్నాను.

ఖాళీ ట్రయల్ రూములో చెక్క మీద మడమలు కొట్టుకోవడం మొదలైంది. ఎవరూ అటు తిరగలేదు. నా కాలు అప్పటికే పెడల్ మీద ఉంది.