ఊరికి పోయిన నరసప్ప

ఉష వాకిట్లో నీళ్లు చల్లి, లోపల పాలు పొయ్యి మీద పెట్టేసరికి కరెంటు మీటరు దగ్గర అలికిడైంది. బిల్లు కొట్టే ధనుంజయ మిషను చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రతి నెలా వచ్చే మనిషే. వచ్చినప్పుడల్లా మగ్గం గదిలోకి తొంగిచూసి, ఉష మామ నరసప్పతో ఓ మాట ఆడి, ఆయన దగ్గర ఒక్క తమలపాకు పుచ్చుకుని గానీ పోయేవాడు కాదు. ఆ పూట మగ్గం చప్పుడు వినబడక అలవాటుగా అడిగాడు.

"పెద్దాయన యాడికి పోయినాడమ్మా?"

నరసప్ప పోయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. మగ్గంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె పట్టుకుని వెనక్కి ఒరిగాడు. ఆటోలో వేసుకుని ఆదోని ఆసుపత్రికి పరిగెత్తుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ సంగతి ఎమ్మిగనూరులో ఆ వీధి వీధంతా ఎరుగును గానీ, నందవరం నుంచి బండి మీద వచ్చి పోయే ధనుంజయకు తెలిసే దారి లేదు. చెప్పడానికి ఉష నోరు తెరిచింది కూడా. పొద్దున్నే, పొయ్యి మీద పాలుండగా చావు మాట ఎందుకులే అనుకుందో, మిషను కక్కుతున్న చీటీని చూసి భయపడిందో, ఆమెకే తెలియదు.

"ఊరికి పోయినాడన్నా," అంది.

ధనుంజయ తలాడించి చీటీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అందులో నరసప్ప పేరు, కట్టవలసిన చోట సున్నా ఉన్నాయి. మగ్గం నేసేవాళ్ల ఇళ్లకు బిల్లులో ఇచ్చే రాయితీ అది. మీటరూ ఆయన పేరు మీదే, నేతగాడిగా రాసుకున్నదీ ఆయన పేరే. ఆయన లేడని తెలిస్తే ఆ సున్నా ఉండదు.

సాయంత్రం మొగుడు ఈరేష్ ఆదోని జిన్నింగు మిల్లు నుంచి వచ్చాక ఉష ఈ సంగతి చెప్పింది. ముందు అతను కసిరాడు. కాళ్లు కడుక్కుని అన్నం ముందు కూర్చునేసరికి చల్లబడ్డాడు. పత్తి రావడం తగ్గితే మిల్లులో పని ఉండదు, వేసవంతా ఇంట్లో కూర్చోవలసిందే. ఉష మోటారు పెట్టించుకున్న కుట్టు మిషను కూడా ఆ కరెంటు మీదే ఆడుతోంది. పేరు మార్పించుకుంటే సరిపోతుంది కదా అని ఉష అంటే, నేసేవాళ్లుంటేనే రాయితీ, ఇంట్లో ఇప్పుడు నేసేదెవరు, నువ్వా నేనా అన్నాడు. వాళ్లిద్దరూ ఈ మాటలాడుకుంటున్నంత సేపూ అతని తల్లి తాయమ్మ మూలన రాట్నం ముందు కూర్చుని ఎవరూ అడగని దారం కండెలకు చుడుతూనే ఉంది. ఆమెను అడగాలని ఇద్దరికీ తోచలేదు.

తాయమ్మ ఇంతవరకూ ఏడవలేదు. శవం ఇంటికి వచ్చిన రోజూ ఏడవలేదు, పదకొండో నాడు ముసలమ్మలు గాజులు తీసిన రోజూ ఏడవలేదు. బండగుండె అని వీధిలో ఎవరో అననే అన్నారు. ఊరికి పోయినాడన్న మాట ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచి ఆమెకు ఇంకో అలవాటు పట్టుకుంది. చీకటి పడగానే మగ్గం మీది బల్బు వేస్తుంది, తెల్లవార్లూ ఆర్పనివ్వదు. ఉష ఒకటి రెండుసార్లు ఆర్పితే మళ్లీ లేచి వేసింది. ఎందుకత్తా అని అడిగితే, మగ్గం కింద గుంత ఉంది కదా, చీకట్లో వస్తే కనపడొద్దా అంది. ఉషకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే యూనిట్లు దాటితే వచ్చే బిల్లు గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తు రావాలో తెలియని కాలం అది.

అబద్ధం ఒకటి ఆడితే దానికి తోడు ఇంకొన్ని వెతుక్కోవాలంటారు. వారం తిరక్కుండానే వార్డు సచివాలయం నుంచి యేసేపు అనే ఉద్యోగి వచ్చాడు. ఈమధ్యే ఇక్కడికి బదిలీ అయినవాడు. రాయితీ తీసుకుంటున్న ఇళ్లలో నిజంగా మగ్గం ఆడుతోందా అని చూసి ఫొటో తీసుకోవాలట. ఉష ఆ పాత మాటే చెప్పింది. ఆయన విసుక్కోలేదు. సోమవారం మళ్లీ వస్తానని, మగ్గం దగ్గర రేషను కార్డులో పేర్లున్న పెద్దాయనా పెద్దమ్మా ఇద్దరూ ఉండాలని చెప్పి పోయాడు.

ఆ రాత్రి మొగుడూ పెళ్లాలకు నిద్ర లేదు. ఆలూరు దగ్గర సేద్యం చేసుకునే నరసప్ప తమ్ముడు లక్ష్మప్ప ముందుగా ఎవరికి తట్టాడో చెప్పలేం. అన్నదమ్ములిద్దరికీ ఒకటే ముక్కు, ఒకటే బట్టతల. ఈరేష్ ఆదివారం పోయి చిన్నాయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన దారి పొడుగునా వద్దురా, పాపం తగులుతాది అంటూనే వచ్చాడు. చచ్చినవాళ్లు ఎటూ రారు, బతికినవాళ్లు బతకాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని, రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

సోమవారం పొద్దున ఉష తన పచ్చగాజులు అరడజను తీసుకుని అత్త ముందు కూర్చుంది. ఏమని అడగాలో రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"కొంచేపే అత్తా. ఆయప్ప ఫొటో తీసుకుని పోతాడు. పోతానే తీసేద్దాం."

తాయమ్మ గాజుల వైపు చూసింది. కోడలి మొహం వైపు చూసింది. రెండు చేతులూ ముందుకు చాపింది. నెల రోజుల్లో ఆ చేతులు ఎంత చిక్కిపోయాయంటే గాజులు ఒత్తకుండానే ఎక్కాయి. నుదుట బొట్టు పెట్టడానికి ఉష కుంకుమ వేలికి అద్దుకుంది. ఇది తప్పని ఆమెకు అప్పుడే తెలుసు. తెలిసే పెట్టింది.

యేసేపు వచ్చేసరికి లక్ష్మప్ప అన్న చొక్కా వేసుకుని మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన రాట్నం ముందు తాయమ్మ. ఈరేష్ గుమ్మంలో నిలబడి అవసరం లేకపోయినా తువ్వాలు భుజం మార్చుకుంటున్నాడు. నాలుగు పోగులు నెయ్యి పెద్దాయనా, ఫొటో తీసుకుంటానని యేసేపు ఫోను ఎత్తాడు. వేరుశనగ తప్ప ఎరగని లక్ష్మప్ప దారపు కండె ఉన్న నాడెను విసిరాడు. అది సగం దారిలో పడుగు దారాల్లో చిక్కుకుని నిలిచింది. రెండు పోగులు తెగాయి. తన పోగులు తెగినట్టు తాయమ్మ ఉలిక్కిపడింది.

యేసేపుకు ఏదో తేడాగా తోచింది. ఫోను దించి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, పెద్దాయన పేరేంది? నువ్వే సెప్పాల."

ఉష ముందుకొచ్చింది. "మా అత్త మామ పేరు పలకదు సార్. పెండ్లయిన కాడ్నించి ఒక్క తూరి గూడ పలకల్యా."

యేసేపు నవ్వాడు. తన తల్లి కూడా అంతేనట. సరే, పేరు వద్దులే, ఈయనే మీ ఇంటాయనా, అది చెప్తే చాలు, రాసుకుని పోతానన్నాడు.

తాయమ్మ తలెత్తి లక్ష్మప్పను చూసింది. అదే ముక్కు, అదే బట్టతల, అదే చొక్కా. లక్ష్మప్ప ఆమె కళ్లలోకి చూడలేక తలవంచుకున్నాడు. అవునని తలూపితే చాలు. ఉష తెలియకుండానే దేవుడికి మొక్కుకుంది.

"కాదు," అంది తాయమ్మ. "ఈయప్ప నా మరిది. నా మొగుడు నరసప్ప. నరసప్ప కాలం చేసినాడు."

ఆ పేరు ఆమె నోట వినబడగానే ఈరేష్ గోడ పట్టుకున్నాడు. ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఏడుపు వచ్చేసింది. నెల రోజులుగా ఎక్కడ దాచుకుందో గానీ గది గోడలు దద్దరిల్లేలా ఏడ్చింది. లక్ష్మప్ప గుంతలోంచి లేచి వచ్చి వదిన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

యేసేపు ఫోను జేబులో పెట్టుకున్నాడు. కోపం వచ్చినట్టే ఉంది, కానీ ఎవరి మీద పడాలో ఆయనకూ తెలియలేదు. మనిషి పోతే పోయినాడని చెప్పాలి గానీ ఇదేం పనయ్యా, ఇది బయటపడితే ఏమవుతుందో తెలుసా అని ఈరేష్‌ను అడిగాడు. చివరికి, ఇప్పుడు ఈ మగ్గం నేసేవాళ్లెవరన్నా ఉన్నారా అని అడిగితే ఈరేష్ ఎవరూ లేరన్నాడు.

"నేను నేస్తా," అంది తాయమ్మ ఏడుపు మధ్యలోనే.

ఉష అత్త వైపు చూసింది. మామ అన్నానికి లేచినా, సంతకు పోయినా, జ్వరమొచ్చి పడుకున్నా ఆ ఇంట్లో మగ్గం ఆగింది లేదు. పొయ్యి దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటూ ఎన్నేళ్లు వంట చేసిందో. ఆయన లేనప్పుడు ఆడించేదెవరని ఒక్కసారీ అనుకోలేదు. చచ్చిపోయిన మనిషిని మగ్గంలో కూర్చోబెట్టడానికి ఊళ్లు తిరిగారు గానీ, బతికున్న మనిషిని అడగడానికి పక్క మూలకు పోలేకపోయారు. సిగ్గుతో ఆమె చెవులు మండాయి.

యేసేపు ఉన్నది ఉన్నట్టే రాస్తానన్నాడు. ఆ పేరు మీది రాయితీ ఆగిపోతుంది. పెద్దమ్మ పేరు మీద మీటరు మార్పించుకుని, నేతగత్తెగా రాయించుకోమన్నాడు. ఎప్పటికి వస్తుందో, వస్తుందో రాదో తాను చెప్పలేనని, అంతవరకు బిల్లు కట్టక తప్పదని చెప్పి, ఉష తెచ్చిన టీ తాగకుండానే చెప్పులేసుకున్నాడు. ఈరేష్ ఆయన వెనకాలే వీధి చివరిదాకా నడిచి వెళ్లాడు.

ఉష అత్త ముందు కూర్చుని గాజులు ఒక్కొక్కటే తీసింది. ముసలమ్మలు తీసినప్పుడు చూస్తూ నిలబడింది గానీ, ఇవి తాను తొడిగినవి, తానే తీయాలి. ఆఖరిది తీశాక ఆ చేతులను వదల్లేక పట్టుకుని, తప్పయిపోయింది అత్తా, నన్ను క్షమించు అంటూ వాటి మీదే తల పెట్టి ఏడ్చింది.

"నువ్వొక్కదానివే ఏం చేసినావు లేమ్మా," అంది తాయమ్మ. "నువ్వు ఊరికి పోయినాడంటాంటే నాగ్గూడ బాగనే ఉండె. సాయంత్రం బస్సుకు వస్తాడేమో అనిపిస్తాండె. అందుకే గమ్మునుంటి."

ఉషకు దుఃఖం ఆగలేదు. అత్త ఒక చెయ్యి విడిపించుకుని తన తల నిమురుతోందని కాసేపటికి గానీ తెలియలేదు. అంత ఏడుపులోనూ ఒక మాట అడగకుండా ఉండలేకపోయింది.

"ఇన్నేండ్లు మామ పేరు ఎందుకు పలకలేదత్తా?"

"పలికితే మొగుడికి ఆయుస్సు తగ్గుతాదని మా యమ్మ సెప్పిండె," అంది తాయమ్మ. "ఇంగేముంది, పలకొచ్చు."

నరసప్పా అని మెల్లగా అంది. మగ్గం వైపు తిరిగి మళ్లీ అంది, ఎవరూ అడగకుండానే.