పాత లైబ్రరీ, కొబ్బరి కేకు

"శుక్రవారం మధ్యాహ్నం ఎవరైనా సర్వర్ జోలికి వెళ్తారా?" అంది డిట్టె, సంచి భుజానికి తగిలించుకుంటూ.

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది," అన్నాడు ఆస్గెర్.

"అయితే ఆ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి రేవులో కూర్చుని టిక్కెట్లు అమ్ముకో."

ఆర్హుస్ నగరంలో రేవు పక్కనే వాళ్ళ ఆఫీసు. ఫెర్రీ టిక్కెట్ల కొత్త సైటు ఈ రోజు సర్వర్ ఎక్కాలి. ఎక్కనని మొండికేసింది. పాత సైటు నడుస్తోంది కాబట్టి ప్రయాణికులకు ఇబ్బంది లేదు, ఇబ్బందంతా ఆస్గెర్‌కే. ఈ రోజుతో డిట్టెకు ఇక్కడ పని ఆఖరు. సాయంత్రం రైలుకు కోపెన్‌హాగన్ వెళ్తుంది, సోమవారం అక్కడ కొత్త ఉద్యోగం. వసంతం నుంచి గొంతులో దాచుకున్న మాట ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. తప్పు దొరికితే ఆమె లేచి వెళ్ళిపోతుంది. దొరక్కపోతే మాట్లాడే తీరికే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. బయట వాన అడ్డంగా కొడుతోంది.

"కూర్చో బాబూ, నిన్ను చూస్తుంటే నాకు తల తిరుగుతోంది," అని డిట్టె సంచి దించి కుర్చీ దగ్గరకు లాక్కుంది. "లేని మెథడ్‌ని పిలిచావంటోంది సర్వర్. అది కొత్త లైబ్రరీలో ఉందిగా?"

"ఉంది. నేనే జోడించాను."

"మరి దానికి పాత లైబ్రరీ ఎక్కడ దొరికింది?"

సాయంత్రం దాకా వెతికారు. సర్వర్‌లో అప్లికేషన్లన్నిటికీ ఉమ్మడిగా ఒక ఫోల్డరుంది. అదే లైబ్రరీ, అంటే సైట్లు వాడుకునే కోడ్ మూట, పాత వెర్షను అందులో తిష్ఠ వేసుకుని ఉంది. కొత్తవాణ్ణి పిలిస్తే పాతవాడు పలుకుతున్నాడు. పెట్టిందెవరో చూస్తే ఆస్గెర్ పేరే కనబడింది. చలికాలంలో టైమ్‌టేబుల్ పేజీ కోసం, ఒక్క రోజుకే కదా అని పెట్టి మరిచిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పాతదాన్ని టైమ్‌టేబుల్ అప్లికేషన్ లోపలికి మార్చి, ఉమ్మడి ఫోల్డరులోంచి తీసేశాడు. ఎవరి మూట వాళ్ళ దగ్గరే. సర్వర్ మళ్ళీ మొదలైంది. సైటూ తెరుచుకుంది, టైమ్‌టేబులూ తెరుచుకుంది.

డిట్టె లేచింది. 

"రూలు గుర్తుందిగా?" అంది. ఆ ఆఫీసులో పని చెడగొట్టినవాళ్ళు వచ్చే శుక్రవారం తమ చేత్తో కేకు చేసి తేవాలి, కొన్నది చెల్లదు. "నువ్వెప్పుడూ చేసే ఆ కొబ్బరి కేకు నాటికి నేనుండను. నా ముక్క సంగతేంటి?"

"తెచ్చిస్తా. కోపెన్‌హాగన్‌కి."

"కేకు ముక్క కోసం మూడు గంటల రైలు ప్రయాణమా?"

"కేకు కోసం కాదు. నువ్వంటే నాకిష్టం డిట్టె. వసంతం నుంచీ చెప్పలేక చస్తున్నాను."

ఆమె మళ్ళీ కూర్చుంది. "ఆ ఫోల్డరులో నీ పేరు నేను మధ్యాహ్నం కాఫీకి ముందే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే చిటికెలో సరిచేసి, చెయ్యూపి పంపేసేవాడివి."

ఆస్గెర్ గడియారం వైపు చూశాడు. "నీ రైలు?"

"వెళ్ళిపోయింది. ఇంకోటి వస్తుందిలే. కొబ్బరి మాత్రం మాడ్చకు."

ఆ రోజు మొదటిసారి అతని కాళ్ళు ఒకచోట నిలిచాయి.