మట్టి మూసిన తొర్ర

ఎల్లప్ప పరుగెడుతున్నాడు.

వెనక ఫారెస్ట్ గార్డు విజిల్! దగ్గరవుతోంది...

ఎనభై ఒకటో సంవత్సరం, ఏప్రిల్. మిట్టమధ్యాహ్నం. ఆదోని కొండ మీద బండలు కాలిపోతున్నాయి. చెప్పు ఎక్కడో తెగిపోయింది. చేతిలో ఎవరినో బతిమాలి తెచ్చుకున్న నాటు తుపాకి. మందు దట్టించే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ పేల్చినవాడు కాదు. పొలం కూలీకి కొడవలి తెలుసు గానీ తుపాకి ఏం తెలుసు?

కళ్లు మాత్రం ఆకాశంలోనే.

అదిగో... బూడిదరంగు కొమ్ముపిట్ట! ముక్కు మీద చిన్న కొమ్ము. నోట్లో జువ్విపండు.

దాని కొవ్వు కావాలి. ఇవాళే కావాలి.

గోనెగండ్ల అవతల, చేను మధ్య ఒంటి గుడిసెలో పెళ్లాం హులిగమ్మ జ్వరంతో మాడిపోతోంది. పక్కలో పురిటిబిడ్డ. బాలింత సన్నిపాతం అన్నాడు నాటువైద్యుడు. ఈ పిట్ట కొవ్వు పూస్తేనే దక్కుతుందన్నాడు. నిన్న ఆ మైకంలో ఆమె బిడ్డను వదిలేసి బావి దాకా పోయింది. అందుకే బయట తాళం వేసి వచ్చాడు. పిలిస్తే పలికే మనిషి ఆ చుట్టుపక్కల లేడు. తాళంచెవి తన మొలతాడుకే ఉంది.

పిట్ట వేపచెట్టు మీద వాలింది.

ఎల్లప్ప తుపాకి ఎత్తాడు. గురి...

"కొట్టొద్దప్పా." గార్డు హనుమంతరావు రొప్పుతూ బండ దాటి వచ్చేశాడు. "ఒకప్పుడు ఈ కొండంతా ఇవే. ఇప్పుడు మిగిలింది ఈ జంటొక్కటే. కొడితే జైలుకు పోతావు."

"పోతా సార్. నా పెండ్లాం సస్తాంది. దీని కొవ్వు గావల్ల."

"ముందు ఆ చెట్టు తొర్ర సూడు."

చూశాడు. తొర్రకు మట్టి మెత్తి ఉంది. మధ్యలో సన్నటి సందు. అందులోంచి ఒక ముక్కు బయటికి వచ్చి పండు అందుకుంది.

"అది ఆడపిట్ట. మట్టితో తనే మూసుకోని పిల్లల్తో లోపలే ఉండాది. మగది తెచ్చిపెడితేనే వాటికి తిండి. ఇది సస్తే అవన్నీ ఆడనే సస్తాయి."

ఎల్లప్ప చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి తగిలింది. తనూ హులిగమ్మను అలాగే మూసి వచ్చాడు!

తుపాకి దించేశాడు.

"నా వల్ల గాదు సార్. ఇంటికి పోవల్ల. తీస్కో దీన్ని."

"పద. మా జీపులో ఆమెను ఆస్పత్రికి తీస్కపోదాం."

ఎల్లప్పకు ఏడుపొచ్చింది. కొడవలి ఎలా ఇస్తారో తుపాకి అలాగే ఇచ్చాడు. పిడి అవతలి మనిషి వైపు, మొన తన వైపు.

హనుమంతరావు పట్టుకుని లాగాడు...

ఢాం!

పిట్ట ఎగిరిపోయింది. ఎల్లప్ప బండ మీద కూలబడ్డాడు. కడుపంతా వెచ్చగా తడి.

గార్డు గాయాన్ని అదిమి పట్టుకున్నాడు. అతని వేళ్లకు తాళంచెవి తగిలింది. ముఖం పాలిపోయింది.

"పెండ్లాన్ని లోపల పెట్టి తాళమేసినావా? ఇల్లు యాడప్పా? యా ఊరు? సెప్పప్పా..."

గోనెగండ్ల. ఆ ఒక్క మాట అంటే చాలు.

ఎల్లప్ప నోరు తెరిచాడు. నెత్తురొచ్చింది. మాట రాలేదు.

చెట్టు మీద మగపిట్ట ఇంకో పండుతో వాలింది.